నూటికి 75 మంది ఉన్నా తీరని భయం: శ్రీలంకలో సింహళ జాతీయవాదం ఎలా పెరిగింది?

క్లుప్తంగా: ఒక దేశంలో ఒక జాతి ఎక్కువ సంఖ్యలో ఉన్నంత మాత్రాన మెజారిటీ జాతీయవాదం దానంతటదే పుట్టదు. శ్రీలంకలో దాన్ని పెంచింది ప్రధానంగా పార్టీల పోటీ. ఒకే జాతి ఓట్ల కోసం రెండు పార్టీలు తలపడ్డాయి. ఉద్యోగాలు, కాలేజీ సీట్లు పంచే చెయ్యి ప్రభుత్వానిదే కావడంతో భాష ఉపాధి సమస్యగా మారింది. మలేషియాలో మెజారిటీకి చట్టం ఇచ్చిన ప్రత్యేక హక్కులు ఇంకా ఎక్కువ. అయినా అక్కడ అంతర్యుద్ధం రాలేదు. ఆ తేడా ఎక్కడిదన్నదే ఈ వ్యాసం.

మెజారిటీకి భయం ఎందుకు?

2012 జనాభా లెక్కల్లో శ్రీలంకలో 2 కోట్ల 3 లక్షల మంది ఉన్నారు. వాళ్లలో సింహళీయులు 74.9 శాతం. శ్రీలంక తమిళులు 11 శాతం, ముస్లింలు 9 శాతం పైచిలుకు, బ్రిటిష్ కాలంలో తోటల పనికి వెళ్లిన భారత సంతతి తమిళులు 4 శాతం. 1948లో స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి ప్రధానులైనా, అధ్యక్షులైనా అందరూ సింహళీయులే. ఇంత బలం చేతిలో ఉన్న జాతి "మన ఉనికికే ముప్పు" అని పదేపదే అనడం బయటివాళ్లకు వింతగా ఉంటుంది.

ఆ భయం ఉత్త బూటకమని కొట్టిపారేస్తే మిగతా కథ అర్థం కాదు. ధనుష్కోడికీ తలైమన్నార్‌కూ మధ్య ఉన్నది దాదాపు 30 కిలోమీటర్ల సముద్రం. అవతలి ఒడ్డున ఒక్క తమిళనాడులోనే 2011 లెక్కల ప్రకారం 7 కోట్ల 20 లక్షల మంది. సింహళం మాట్లాడే కోటిన్నర మందికి ఈ ద్వీపం తప్ప మరో సొంత నేల లేదు. ద్వీపం వరకే చూస్తే సింహళీయులు మెజారిటీ, తమిళనాడును కూడా కలిపి చూస్తే మైనారిటీ. తమిళులకు ద్వీపంలోనే మైనారిటీ బతుకు. అంటే తామే తక్కువ మందిమి అనే భయం రెండు వైపులా ఉంది, రెండు వైపులా దానికి కొంత ఆధారమూ ఉంది. అయితే భయం ఉన్న ప్రతిచోటా అది ప్రభుత్వ విధానం కాదు. ఇక్కడ ఎందుకు అయిందన్నదే చూడాల్సింది.

"సింహళ మెజారిటీ" ఎప్పటిది?

ఈ మెజారిటీ వేల ఏళ్లుగా ఒక్క ముద్దగా ఉందన్నది ఆధునిక కాలపు నమ్మకం. బ్రిటిష్ జనాభా లెక్కల్లో సింహళీయులు రెండు వేర్వేరు గడుల్లో ఉండేవారు: పల్లపు సింహళీయులు, కొండప్రాంతపు కాండీ సింహళీయులు. పల్లపు ప్రాంతం పోర్చుగీసు, డచ్చి పాలనలో నలిగి క్రైస్తవాన్ని, వ్యాపారాన్ని చూసింది. కాండీ రాజ్యం 1815 దాకా స్వతంత్రంగా నిలిచింది. ఒకరి మీద ఒకరికి అనుమానాలుండేవి. 1927లో రాజ్యాంగ సంస్కరణల కోసం బ్రిటన్ పంపిన డొనమోర్ కమిషన్ వచ్చినప్పుడు కాండీ నాయకులు అడిగింది సమాఖ్య పాలన: తమకొకటి, పల్లపు వారికొకటి, తమిళులకొకటి. అంతకు ఏడాది ముందే, 1926లో, ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే అనే యువ నాయకుడు ఈ ద్వీపానికి సమాఖ్యే మేలని వాదించారు. 30 ఏళ్ల తర్వాత సింహళమే ఏకైక అధికార భాష అని చట్టం చేసిన ప్రధాని ఈయనే.

1911లో శాసనమండలిలో "చదువుకున్న సిలోనీయుల" (సిలోన్ శ్రీలంక పాత పేరు) స్థానానికి జరిగిన ఎన్నికను చూస్తే ఆనాటి గీతలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. పోటీ పడింది తమిళుడైన పొన్నంబళం రామనాథన్, సింహళీయుడైన డాక్టర్ మార్కస్ ఫెర్నాండో. గెలిచింది రామనాథన్. ఫెర్నాండో కరావ కులస్థుడు కావడంతో గొవిగమ కులపు సింహళ ఓటర్లు చాలామంది తమిళుడికే ఓటేశారు. 1915లో ముస్లింల మీద అల్లర్లు చెలరేగి, బ్రిటిష్‌వాళ్లు సింహళ నాయకులను జైళ్లలో పెట్టినప్పుడు లండన్ వెళ్లి వాళ్ల తరఫున వాదించింది కూడా రామనాథనే. తిరిగి వచ్చినప్పుడు సింహళ ప్రముఖులు గుర్రాలను విప్పేసి ఆయన బండిని తామే లాగారు.

ఈ చరిత్రలో తెలుగువారికీ ఒక పోగు ఉంది. 1739 నుంచి 1815 వరకు కాండీని ఏలిన చివరి నలుగురు రాజులు మధుర నాయకుల బంధువర్గం వారు, తెలుగు మూలాలున్న వంశం. వారిలో కీర్తిశ్రీ రాజసింహుడు 1753లో సయాం (నేటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువులను రప్పించి, ఆగిపోయిన బౌద్ధ దీక్షా పరంపరను మళ్లీ నిలబెట్టాడు. నేటికీ సయాం నికాయమే దేశంలో పెద్ద భిక్షు సంఘం. ఆయన పరాయివాడన్న గొణుగుడు అప్పుడూ లేకపోలేదు, 1760లో కుట్ర కూడా జరిగింది. అయినా దక్షిణ భారతపు రాజు బౌద్ధానికి పెద్ద దిక్కుగా ఉండటం ఆనాటి సమాజానికి మింగుడుపడింది. తర్వాతి శతాబ్దిలో అచ్చు పుస్తకాలు, బడులు, అనగారిక ధర్మపాల వంటి బౌద్ధ ప్రచారకుల మాటలు పాత వంశచరిత్రలను జాతి యుద్ధ కథలుగా చదవడం నేర్పాయి. దుట్టగామణి రాజు తమిళ రాజు ఎళారుణ్ని ఓడించిన ఘట్టం ఇందుకు ప్రధాన ఆధారం. ఈ కథ చెప్పే పాత వంశచరిత్ర మహావంశంలోనే ఎళారుడు న్యాయంగా పాలించాడనీ, అతను చనిపోయిన చోట దుట్టగామణి స్మారకం కట్టించి మొక్కించాడనీ ఉంది. ఈ భాగం మాత్రం వేదికల మీద వినిపించలేదు.

తోటల్లో తొలి వేటు

స్వతంత్ర సిలోన్ తొలి నిర్ణయాల్లో ఒకటి 1948 పౌరసత్వ చట్టం. తోటల్లో పనిచేసే దాదాపు 7 లక్షల మంది భారత సంతతి తమిళులు దీంతో ఏ దేశానికీ చెందనివారయ్యారు. 1949లో వాళ్ల ఓట్లూ పోయాయి. ఇక్కడ ఒక లెక్క గమనించాలి. నియోజకవర్గాల విభజనకు జనాభా ప్రాతిపదిక. తోటల జనాన్ని ఆ లెక్కలో కలిపారు, ఓటర్ల జాబితాలో మాత్రం ఉంచలేదు. ఫలితంగా కొండప్రాంతంలో తక్కువ ఓటర్లతో ఎక్కువ సీట్లు ఏర్పడ్డాయి, అవి గ్రామీణ సింహళ ఓటర్ల చేతికి వెళ్లాయి. పార్లమెంటులో సింహళ సీట్ల వాటా జనాభాలో వారి వాటాను దాటింది. మైనారిటీ ఓటు అవసరం లేకుండానే ప్రభుత్వం ఏర్పరచవచ్చన్న ధీమాకు పునాది ఇదే.

ఈ మనుషుల భవిష్యత్తు తేలడానికి దశాబ్దాలు పట్టింది. 1964లో సిలోన్ ప్రధాని సిరిమావో, భారత ప్రధాని శాస్త్రి చేసుకున్న ఒప్పందంలో 9 లక్షల 75 వేల మందిని పంచుకున్నారు: భారత్ 5 లక్షల 25 వేలు, సిలోన్ 3 లక్షలు, మిగిలిన లక్షా 50 వేల మంది సంగతి తర్వాత చూద్దామని. వాళ్లలో ఎవరికి ఎక్కడ బతకాలనుందో ఎవరూ అడగలేదు.

1956: వేలంపాట మొదలు

స్వాతంత్ర్యం నాటికి పాలన అంతా ఇంగ్లిషులో నడిచేది. ఇంగ్లిషు చదవగలిగేది మాత్రం నూటికి పదిమంది కంటే తక్కువే. సింహళ మాధ్యమంలో చదివిన ఊరి పంతులు, ఆయుర్వేద వైద్యుడు, గుడి భిక్షువు తమ సొంత దేశంలో ఒక అర్జీ కూడా తమ భాషలో పెట్టుకోలేకపోయారు. ఇది న్యాయమైన ఫిర్యాదు. తమిళ మాధ్యమంలో చదివినవారికీ ఇదే ఇబ్బంది. అందుకే 1944లో జె.ఆర్. జయవర్ధనే సింహళాన్ని అధికార భాష చేయాలని తీర్మానం పెట్టినప్పుడు సవరణతో తమిళం కూడా చేరింది, తీర్మానం నెగ్గింది. అప్పటికి దారి తెరిచే ఉంది.

దాన్ని మూసింది పోటీ. 1951లో అధికారంలో ఉన్న యునైటెడ్ నేషనల్ పార్టీ (యూఎన్‌పీ) నుంచి బయటికి వచ్చిన బండారనాయకే శ్రీలంక ఫ్రీడం పార్టీ పెట్టారు. భిక్షువులు, వైద్యులు, పంతుళ్లు, రైతులు, కార్మికులు అనే "పంచ మహా శక్తుల"ను కూడగట్టారు. బుద్ధుడి పరినిర్వాణానికి 2500 ఏళ్లు నిండే బుద్ధ జయంతి ఉత్సవం 1956లో వస్తోంది, ఊరూరా ఆ ఉత్సాహం ఉంది. "24 గంటల్లో సింహళం మాత్రమే" అన్న నినాదం అందుకుంది. రెండు భాషలకూ మాటిచ్చిన యూఎన్‌పీ కంగారుపడి 1956 ఫిబ్రవరిలో తనూ "సింహళం మాత్రమే" అంది. ఓటరు అసలు సరుకునే ఎంచుకున్నాడు. 95 సీట్లలో యూఎన్‌పీకి మిగిలినవి 8.

అదే జూన్‌లో చట్టం వచ్చింది. బిల్లు పెట్టిన రోజు గాల్ ఫేస్ మైదానంలో సత్యాగ్రహం చేస్తున్న తమిళ ఎంపీలను గుంపులు కొట్టాయి. చర్చలో వామపక్ష నాయకుడు కొల్విన్ ఆర్. డి సిల్వా ఒక హెచ్చరిక చేశారు: రెండు భాషలైతే ఒకే దేశం, ఒకే భాష అయితే రెండు దేశాలు.

బండారనాయకే వెనక్కి తగ్గే ప్రయత్నం చేయలేదని అనలేం. 1957 జులైలో తమిళ ఫెడరల్ పార్టీ నేత చెల్వనాయకంతో ఒప్పందం చేసుకున్నారు: ప్రాంతీయ మండళ్లు, ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో తమిళంలో పాలన. ఆ అక్టోబరులో యూఎన్‌పీ తరఫున జయవర్ధనే దానికి వ్యతిరేకంగా కాండీకి పాదయాత్ర మొదలుపెట్టారు. ఇంతలో వాహనాల నంబర్ ప్లేట్ల మీద సింహళ లిపిలో "శ్రీ" అక్షరం తప్పనిసరి చేశారు. తమిళులు ఎక్కువగా ఉన్న ఉత్తరాది జాఫ్నాలో ఆ అక్షరం మీద తారు పూశారు. బదులుగా కొలంబోలో తమిళ బోర్డుల మీద తారు పూశారు. 1958 ఏప్రిల్ 9న భిక్షువులు రోజ్‌మీడ్ ప్లేస్‌లో ప్రధాని ఇంటి ముందు బైఠాయించారు. ఒప్పందం రద్దు చేస్తామన్న మాట వాళ్లకు చాలలేదు, రాసివ్వాలన్నారు. రాసిచ్చారు. మరుసటి నెలలోనే అల్లర్లు, వందల్లో చావులు. ఆ మరుసటి ఏడు బండారనాయకేను కాల్చి చంపింది ఒక బౌద్ధ భిక్షువే.

ఇదే ఆట 1965 తర్వాత పాత్రలు మారి మళ్లీ నడిచింది. ఈసారి చెల్వనాయకంతో ఒప్పందం చేసుకున్నది యూఎన్‌పీ ప్రధాని డడ్లీ సేనానాయకే, అడ్డుకున్నది ఫ్రీడం పార్టీ. 1956లో తమిళానికి అండగా నిలిచిన వామపక్షాలు కూడా 1966 జనవరిలో ఆ నిరసన ఊరేగింపులో నడిచాయి. 1968కల్లా జిల్లా మండళ్ల బిల్లు అటకెక్కింది. ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు ఎవరైనా సరే, అధికారంలో ఉన్నవాళ్లు తమిళులకు ఏదో ఇచ్చేస్తున్నారని అనడం లాభసాటి అయింది. పార్టీ అధికారంలోకి వస్తే మెత్తబడటం, దిగితే గట్టిపడటం వ్యక్తుల స్వభావాన్ని బట్టి జరిగింది కాదు. పోటీ తీరే అలాంటిది.

అదే ఏడాది పాక్ జలసంధికి ఇవతల, భారత్‌లో

1956 జూన్‌లో సిలోన్ ఒకే భాష చట్టం చేసింది. అదే ఏడాది నవంబరు 1న భారత్ భాషా రాష్ట్రాలను ఏర్పాటు చేసింది, ఆంధ్రప్రదేశ్ అప్పుడే అవతరించింది. ఢిల్లీ కూడా మొదట దీనికి సుముఖంగా లేదు. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం, తర్వాతి అల్లర్లు ఢిల్లీని కదిలించాయి. అయితే తెలుగు రాష్ట్రం అడగడం దేశాన్ని చీల్చడంగా ముద్ర పడలేదు. చెల్వనాయకం అడిగింది దాదాపు ఇలాంటిదే. కొలంబోలో దానికి "దేశ విభజన" అని పేరు పడింది.

భారత నాయకత్వానిది పెద్ద మనసు, సింహళ నాయకత్వానిది చిన్న మనసు అనేస్తే సరిపోదు. భారత్‌లో ఏ ఒక్క భాషకూ నూటికి 75 లేదు. హిందీ ఒక్కటే అధికార భాష కావాలన్న ఒత్తిడి ఇక్కడా వచ్చింది, 1965లో మద్రాసు రాష్ట్రం భగ్గుమంది, కేంద్రం వెనక్కి తగ్గింది. హిందీయేతర ఎంపీలు లేకుండా ఏ ప్రభుత్వమూ నిలవలేదు కాబట్టే తగ్గింది. కొలంబోలో అలాంటి అవసరం ఎవరికీ లేదు, 1948లోనే దాన్ని తీసేసుకున్నారు.

ఒక గుమాస్తా ఇంక్రిమెంటు, ఒక మెడికల్ సీటు

చట్టం కాగితం మీద నుంచి ఇంట్లోకి ఎలా వస్తుందో కోడీశ్వరన్ కేసు చూపిస్తుంది. ఈయన ప్రభుత్వ సర్వీసులో తమిళ గుమాస్తా. సింహళ పరీక్ష రాయనన్నందుకు 1962లో ఇంక్రిమెంటు ఆపేశారు. రాజ్యాంగంలోని 29వ సెక్షన్ ఏ వర్గానికీ ప్రత్యేక లాభం కట్టబెట్టే చట్టాలను నిషేధించింది. దాన్ని పట్టుకుని ఆయన కోర్టుకెక్కారు. 1964లో జిల్లా కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు, ప్రభుత్వోద్యోగి జీతం కోసం ప్రభుత్వం మీద దావా వేయలేడని దాన్ని కొట్టేసింది. 1969లో లండన్ ప్రివీ కౌన్సిల్ అది తప్పని, భాషా చట్టం చెల్లుతుందో లేదో తేల్చమని వెనక్కి పంపింది. అది తేలకముందే ప్రివీ కౌన్సిల్‌కు అప్పీళ్లు ఆపేశారు, 1972 రాజ్యాంగంలో 29వ సెక్షనే లేకుండా పోయింది. బౌద్ధానికి అగ్రస్థానం వచ్చింది, సింహళం ఏకైక అధికార భాష అని రాజ్యాంగంలోకే ఎక్కింది. ఆ రాజ్యాంగ రచనకు మంత్రిగా బాధ్యత వహించింది ఎవరో కాదు, 1956లో "రెండు దేశాలు" అని హెచ్చరించిన కొల్విన్ ఆర్. డి సిల్వానే.

సీట్ల సంగతి ఇంకా సూటిగా తగిలింది. జాఫ్నా నేల పొడి నేల. 1816 నుంచి అమెరికన్ మిషనరీలు అక్కడ పెట్టిన బడుల వల్ల ఇంగ్లిషు చదువు, సర్కారు కొలువు ఆ ప్రాంతానికి బతుకుతెరువు అయ్యాయి. అందుకే సైన్సు కోర్సుల్లో తమిళుల వాటా జనాభాను మించి ఉండేది. సింహళ కుటుంబాలకు ఇది అన్యాయంగా కనిపించింది. 1970ల మొదట్లో "స్టాండర్డైజేషన్" పేరుతో భాషా మాధ్యమాన్ని బట్టి కటాఫ్ మార్కులు పెట్టారు. మెడిసిన్‌కు 400కి సింహళ మాధ్యమం వాళ్లకు 229 చాలు, తమిళ మాధ్యమం వాళ్లకు 250 రావాలి. తర్వాత జిల్లాల కోటా వచ్చింది. ఇది వెనుకబడిన కొండ జిల్లాలకు, ముస్లింలకు, తూర్పు తీరపు తమిళులకూ మేలు చేసిందన్నది నిజం. వెనుకబాటును బట్టి కోటా పెట్టడం వేరు, పరీక్ష రాసిన భాషను బట్టి పెట్టడం వేరు. మొదటిదాన్ని సమర్థించవచ్చు. రెండోది 18 ఏళ్ల కుర్రాడికి నువ్వు ఈ దేశపు రెండో రకం పౌరుడివని చెప్పినట్టే. సాయుధ తమిళ సంఘాల తొలి తరం ఆ వయసు కుర్రాళ్లలోంచే వచ్చింది.

మరి సింహళ పేదలకు దక్కిందేమిటి? 1971 ఏప్రిల్‌లో వామపక్ష పార్టీ జనతా విముక్తి పెరమున (జేవీపీ) తిరుగుబాటు జరిగింది. తుపాకులు పట్టింది సింహళ మాధ్యమంలో చదివి ఉద్యోగం దొరకని గ్రామీణ సింహళ యువకులే. ఇంగ్లిషు వచ్చిన కొలంబో కుటుంబాల పట్టు పెద్దగా సడలలేదు. తమిళుడి చేతిలోని ఉద్యోగం వస్తే కష్టాలు తీరుతాయన్న మాట వేలాదిమంది యువకుల ప్రాణాల దగ్గర అబద్ధమని తేలింది. మెజారిటీ జాతీయవాదంలో చాలా తక్కువగా మాట్లాడుకునే విషయం ఇదే: అది నష్టపరిచేది మైనారిటీలను మాత్రమే కాదు.

మలేషియాలో తేడా ఎక్కడ?

మలేషియాలో మలయ్‌ల ప్రత్యేక స్థానం రాజ్యాంగం 153వ అధికరణంలోనే ఉంది. మలయ్ అంటే ఎవరో 160వ అధికరణం నిర్వచిస్తుంది: ఇస్లాం, మలయ్ భాష, మలయ్ ఆచారం. 1969 మే 13 అల్లర్ల తర్వాత 1971లో వచ్చిన కొత్త ఆర్థిక విధానం కంపెనీల వాటాల్లో భూమిపుత్రుల (మలయ్‌లు, ఇతర మూలవాసులు) వంతును 2.4 శాతం నుంచి 30 శాతానికి పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. కాగితం మీద ఇది శ్రీలంకను మించిన మెజారిటీవాదం.

కానీ అక్కడ మలయ్‌లు 1957లో దాదాపు సగమే. 1952 కౌలాలంపూర్ పురపాలక ఎన్నికల్లో మలయ్ పార్టీ, చైనీయుల పార్టీ అవసరం కొద్దీ చేయి కలిపి 12లో 9 స్థానాలు గెలిచాయి. భారతీయుల పార్టీ కూడా చేరాక 1955లో 52కి 51 గెలిచారు. మలయ్ పార్టీ నెగ్గాలంటే చైనీయుల ఓటు కావాలి, కాబట్టి ఏది ఇచ్చినా ఏది తీసుకున్నా గదిలో కూర్చుని బేరమాడాలి. చైనీస్, తమిళ ప్రాథమిక పాఠశాలలు అందుకే నిలిచాయి. దీనికీ మూల్యం ఉంది. చదువుకున్న చైనీయులు, భారతీయులు పెద్ద సంఖ్యలో దేశం వదిలారు. అక్కడి తెలుగువారూ ప్రభుత్వ లెక్కల్లో "ఇండియన్" కిందికే వస్తారు, భూమిపుత్ర కోటా వారికి లేదు. మలయ్ ఓట్ల కోసం మలయ్ పార్టీలే పోటీ పడటం పెరిగే కొద్దీ ఆ పాత బేరం అక్కడా బలహీనపడుతోంది.

యుద్ధం ముగిసినా

1976 వడ్డుకొడ్డై తీర్మానంతో తమిళ పార్టీలు సమాఖ్య మాట వదిలి ప్రత్యేక దేశం కోరాయి. 1981లో సుమారు 97 వేల పుస్తకాలతో జాఫ్నా గ్రంథాలయం తగలబడింది. 1983 జులైలో కొలంబోలో గుంపులు ఓటర్ల జాబితాలు పట్టుకుని తమిళుల ఇళ్లు వెతికాయి. ఆ తర్వాత 2009 మే దాకా ప్రభుత్వానికీ, సాయుధ తమిళ సంఘం ఎల్‌టీటీఈకీ యుద్ధం. మధ్యలో 1987 భారత్, శ్రీలంక ఒప్పందం, 13వ సవరణతో తమిళం కూడా అధికార భాష అయింది, ప్రాంతీయ మండళ్లు వచ్చాయి. 1957లో రాసుకుని చించేసిన కాగితానికి దగ్గరగా ఉన్నదాన్ని 30 ఏళ్ల తర్వాత, అంత రక్తపాతం మధ్య తెచ్చారు. "మా నేల" తర్కం ఒక్క వైపే ఉండలేదు. 1990 అక్టోబరులో ఎల్‌టీటీఈ ఉత్తర ప్రాంతపు ముస్లింలను, 70 వేల మందికి పైగా, వెళ్లగొట్టింది. వాళ్లు మాట్లాడేదీ తమిళమే.

యుద్ధం ముగిశాక భయం ముగియలేదు, గురి మారింది. 2012లో పుట్టిన బౌద్ధ భిక్షువుల సంస్థ బోదు బల సేన ముస్లింల మీద ప్రచారం చేసింది, 2014లో అలుత్‌గమలో, 2018లో దిగనలో దాడులు జరిగాయి. 2019 ఈస్టర్ బాంబు దాడుల తర్వాత గొటబాయ రాజపక్స 52 శాతం ఓట్లతో గెలిచి, దుట్టగామణి కట్టించిన అనురాధపురం స్తూపం దగ్గర ప్రమాణం చేశారు. సింహళ ఓట్లతోనే గెలిచానని అక్కడే చెప్పారు. 2022లో పెట్రోలు, గ్యాస్, మందులు లేక జనం వీధుల్లోకి వచ్చినప్పుడు ఆయనను తరిమిన వారిలో ఎక్కువమంది ఆ సింహళ ఓటర్లే.

2024 నవంబరు పార్లమెంటు ఎన్నికల్లో అధ్యక్షుడు అనుర కుమార దిసానాయకే కూటమి 225కు 159 సీట్లు గెలిచింది. జాఫ్నా జిల్లాలోనూ ఎక్కువ సీట్లు దానికే వచ్చాయి, ఒక సింహళ నాయకత్వ పార్టీకి ఇది కొత్త అనుభవం. అయితే ఆ కూటమికి వెన్నెముక జేవీపీ. 1987 ఒప్పందం మీద ఆయుధాలతో తిరగబడ్డ పార్టీ అది. ఆ ఒప్పందంతో వచ్చిన ఉత్తర, తూర్పు ప్రాంతాల విలీనాన్ని రద్దు చేయాలని కోర్టుకెళ్లి 2006లో గెలిచిందీ అదే. ఇప్పుడు మూడింట రెండు వంతుల బలం దాని చేతిలో ఉంది, కాబట్టి రెండో సింహళ పార్టీ ఏమంటుందోనన్న బెంగ 1958లో, 1968లో ఉన్నంత లేదు. 2018లో గడువు ముగిసిన ఉత్తర ప్రాంతీయ మండలికి ఎన్నికలు పెడుతుందా, సైన్యం చేతిలో మిగిలిన పొలాలను సొంతదారులకు ఇస్తుందా, రాజ్యాంగం మారిస్తే భూమి, పోలీసు అధికారాలను ప్రాంతాలకు ఎంత మేరకు వదులుతుంది: శ్రీలంకలో పోటీ తీరు మారిందో లేదో తెలిసేది ఈ మూడు చోట్లే.